పొలిమేర రాతలు – 11: గోడ మీద గీతలు



పోయిన ఆదివారం రాయలేదు. ఏమైందక్కా అని అడిగినవాళ్ళందరికీ ఇదే జవాబు. శనివారం రాత్రి పదకొండున్నరకి మా అక్క కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. ఆ టైంలో ఫోనొస్తే మన ఇళ్ళల్లో ముందు ఎవరు పోయారా అనుకుంటాం. పోయింది మనిషి కాదు, ఆ పిల్ల ధైర్యం.

ఆరేళ్ళుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తంది. ఇప్పుడు టీమ్ లీడ్ పోస్టుకి పేరు పెట్టుకోమన్నారు. గురువారం లోపు ఫారం నింపాలి. ఈలోపు కంపెనీ వాళ్ళు ఒక వర్క్‌షాప్ పెట్టారంట. ఎవరో మేడం వచ్చి "ఇంపోస్టర్ సిండ్రోమ్" అని ఒక జబ్బు గురించి గంటన్నర చెప్పింది. నేను ఈ ఉద్యోగానికి తగను, ఏదో పొరపాటున ఇక్కడ కూర్చున్నాను, ఏదో ఒక రోజు పట్టుబడతాను అని లోపల్లోపల అనుకోవటం ఆ జబ్బు లక్షణం. మందేంటంటే మీ బలాల మీద దృష్టి పెట్టండి. తెల్ల కాగితం ఇచ్చి పది గీతలు గీసి, మీ పది బలాలు రాయండి అన్నారు.

"పక్కనోళ్ళు గబగబా రాసేశారు పిన్నీ. లీడర్‌షిప్ అంట, కమ్యూనికేషన్ అంట. నాకు ఒక్కటి కూడా రాలేదు. ఖాళీ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకొచ్చా. నేను నిజంగానే దొంగనేమో పిన్నీ. ప్రమోషన్ వద్దని మెయిల్ టైపు చేసి పెట్టా, పంపనా?"

పంపొద్దు, పొద్దున మాట్లాడదాం, పడుకో అన్నా. ఆమె పడుకుందేమో గానీ నాకు నిద్ర పట్టలేదు. ఈ రాత ఆ నిద్ర పట్టని రాత్రిది.

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. ఇది 1978లో పుట్టింది. పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అని అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు. పెద్ద చదువులు చదివి, మంచి ఉద్యోగాల్లో ఉండి కూడా మేము తెలివిగలవాళ్ళం కాదు, అందర్నీ మోసం చేస్తున్నాం అనుకునే నూట యాభై మందికి పైగా ఆడవాళ్ళని చూసి వ్యాసం రాశారు. వాళ్ళు దాన్ని సిండ్రోమ్ అనలేదు, జబ్బు అనలేదు. "ఫినామినన్" అన్నారు, అంటే ఇలా జరుగుతుంది అని. ఇంకో నిజాయితీ ఉంది వాళ్ళలో. మేము చూసిన ఆడవాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళు, మధ్యతరగతి పైన ఉన్నవాళ్ళు అని వాళ్ళే రాసుకున్నారు. తర్వాతొచ్చిన ట్రైనింగ్ వ్యాపారం ఆ రెండు నిజాయితీలనీ కత్తిరించి పారేసింది. ఇలా జరుగుతుంది అన్నది జబ్బైంది, కొందరి సంగతి అందరి సంగతైంది. 2021లో రుచికా తుల్షయాన్, జోడీ ఆన్ బ్యూరీ అని ఇద్దరు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో అడ్డం తిరిగి రాశారు. ఆడవాళ్ళకి ఇంపోస్టర్ సిండ్రోమ్ ఉందని చెప్పటం ఆపండి, బాగు చేయాల్సింది వాళ్ళు పనిచేసే చోటుని అని. మంచి మాట. కానీ కులం అన్న సంగతి అక్కడివాళ్ళకి ఎదురు కాదు. మనం చెప్పాలి.

మా గరికపాడు చాలామందికి చెక్‌పోస్టుగానే తెలుసు. హైదరాబాద్ – విజయవాడ హైవే మీద, 2014 తర్వాత రెండు రాష్ట్రాల పొలిమేర. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ హాస్టళ్ళు ఖాళీ చేయించిన పిల్లలు బైకుల మీద, కార్ల మీద వచ్చి ఇక్కడే ఆగిపోయారు. మీరు టీవీల్లో చూశారు. పాస్ ఏది, పేపర్ ఏది, ఏ ఊరు, ఎందుకొచ్చావ్. సొంత ఊరికి పోవటానికి రుజువులు చూపించాల్సి వచ్చింది. చాలామందికి జీవితంలో అదే మొదటిసారి అట్టాంటి అవమానం. మన పిల్లలకి అది కొత్త కాదు. వాళ్ళు స్కూల్లో చేరిన రోజు నుంచి ప్రతి గుమ్మం దగ్గరా చెక్‌పోస్టే. "మీరేమిట్లు?" "ఇంటిపేరేంటి?" "ఎంత ర్యాంక్? ఏ కోటా?" ఇరవై ఏళ్ళు రోజూ పాస్ చూపించమని అడిగి, ఇరవై ఒకటో ఏట ఆ పిల్ల తనంతట తానే జేబు తడుముకుంటుంటే, అయ్యో నీకు సిండ్రోమ్ ఉంది అంటారా? అడిగినోడికి ఏ సిండ్రోమూ లేదా?

ఊరికే ఆవేశంతో అనట్లేదు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెటూళ్ళలో ఒక ప్రయోగం చేశారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, పై కులాల వాళ్ళు కొందరు, దళితులు కొందరు. కాగితం మీద చిక్కుదారి పజిల్స్ ఇచ్చి, దారి కనిపెట్టినదానికి ఒక్కోదానికి రూపాయి ఇస్తామన్నారు. కులం ఎత్తకుండా ఆడించినప్పుడు రెండు రకాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. తర్వాత ఇంకో గుంపులో ఆట మొదలెట్టేముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ పైకి చదివారు. అంతే చేశారు. తిట్టలేదు, కొట్టలేదు. దళిత పిల్లలు పూర్తిచేసిన పజిల్స్ ఒక్కసారిగా పడిపోయాయి. అవే పజిల్స్, అదే రూపాయి, అట్టాంటి పిల్లలే.

ఇప్పుడు చెప్పండి, జబ్బు ఆ పన్నెండేళ్ళ పిల్లాడి బుర్రలో ఉందా, ఆ పైకి చదివిన నోట్లో ఉందా?

అనుమానం ప్రతిసారీ జబ్బు కాదు, ఒక్కోసారి అది సమాచారం. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఇంకో పరిశోధన అచ్చేశారు. పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి ఒకే రకం చదువుతో అప్లికేషన్లు పంపారు. పేర్లు మాత్రం మార్చారు: పై కులం పేరు, దళిత పేరు, ముస్లిం పేరు. మొత్తం 4,808 అప్లికేషన్లు. దళిత పేరుకి పిలుపొచ్చే అవకాశం, పై కులం పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకి మూడో వంతు. వీళ్ళు నన్ను పిలవరేమో అని భయపడిన పిల్లది పిచ్చి భయమా? లెక్క తెలియకుండానే లెక్క సరిగ్గా కట్టింది.

ఇక్కడ ఒకాయన కామెంట్ పెడతాడు, ప్రతి వారం పెట్టేదే. "మీరు కోటాలో వచ్చారు కాబట్టి తక్కువ అనిపించటం సహజం కదండీ." అయ్యా, ఇంజనీరింగ్ కాలేజీల్లో మేనేజ్‌మెంట్ కోటా అని ఒకటుంది. డబ్బు కట్టి సీటు కొనుక్కున్న పిల్లాడు అర్ధరాత్రి లేచి నేను దీనికి తగుదునా అని ఏడ్చాడని మీరెప్పుడన్నా విన్నారా? మేనమామ కంపెనీలో మేనేజర్ అయినోడికి ఏ వర్క్‌షాప్ పెట్టారు? వాళ్ళకి ఎందుకు రాదీ సిండ్రోమ్? పైగా కోటా వల్ల పని చెడిపోతుందన్నది కూడా ఎవరో లెక్క చూడని మాట కాదు, చూసి తేల్చిన మాటే. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ 1980 నుంచి 2002 దాకా మన రైల్వేల లెక్కలు తీశారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగులు ఎక్కువున్న చోట పని తగ్గిందన్న ఆధారం ఎక్కడా దొరకలేదు. పై గ్రేడుల్లో కొన్నిచోట్ల ఫలితం మెరుగ్గానే ఉంది. మీరు ఎక్కే రైలే, అయ్యా. దిగి నడవమంటారా?

మన చరిత్రలో నిజంగా దొంగవేషం వేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. బాబాసాహెబ్ అంబేద్కర్. ఆశ్చర్యపోకండి, ఆయనే రాసుకున్నాడు "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో. 1917లో కొలంబియా, లండన్ చూసి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చాడు. తలదాచుకోటానికి గది లేదు. పార్సీల సత్రానికి వెళ్తే ఇది పార్సీలకి మాత్రమే అన్నారు. చివరికి సత్రం చూసుకునే మనిషితో ఒప్పందం: రిజిస్టర్‌లో ఒక పార్సీ పేరు రాయించుకుని ఉండటం, రోజుకి రూపాయిన్నర. పై అంతస్తులో, చీకట్లో, పాత సామాన్ల మధ్య. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చి ఎవడివిరా నువ్వు అన్నారు. సాయంత్రానికి ఖాళీ చేయమన్నారు. ఆ రోజు ఆయన ఒక పార్కులో కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కాడు.

ఈ సంగతి ఒక్కసారి నిదానంగా చూడండి. ఆయన చదువు నిజం, ఉద్యోగం నిజం, అబద్ధమల్లా ఆ రిజిస్టర్‌లో పేరు. అబద్ధమాడినంతసేపూ గది దొరికింది. నిజం బయటపడగానే రోడ్డు మీదకొచ్చాడు. ఆయన్ని దొంగని చేసింది సత్రం.

నేనూ వేశా ఆ వేషం. ఇరవై ఏళ్ళ కిందట విజయవాడలో గది కోసం. ఇంటావిడ "మీరేమిట్లమ్మా" అంటే ఇంకోళ్ళ ఇంటిపేరు చెప్పా. పద్నాలుగు నెలలు ఉన్నా. మా అమ్మ చూట్టానికి వస్తానంటే వద్దన్నా. అమ్మ మాట, అమ్మ చీరకట్టు, అమ్మ చేతుల కాయలు నన్ను పట్టిస్తాయని. ఆ గదిలో ఎండు చేపలు వండలేదు, జీసస్ క్యాలెండర్ పెట్టలేదు. అదే రోజుల్లో హ్యాండ్‌బ్యాగ్‌లో నా ఎమ్మే మార్కుల మెమో జిరాక్స్ మడిచి పెట్టుకుని తిరిగేదాన్ని. ఎవరైనా అడిగితే చూపించటానికి. ఎవరూ అడగలేదు. తొమ్మిదేళ్ళు మోశా, మడతల దగ్గర చిరిగిపోయి అంకెలు కనపడనంత వరకూ. ఓపెన్ లిస్టులో వచ్చిన సీటు నాది. అయినా అడ్మిషన్ రోజు కౌంటర్ దగ్గరాయన నా సర్టిఫికెట్ చూసి "మీ లిస్టు అటుపక్కమ్మా" అన్నాడు. ఆ "అటుపక్క" నా చెవుల్లోంచి పోవటానికి చాలా ఏళ్ళు పట్టింది.

అదే 1917లో మా జిల్లాలోనే ఇంకోటి జరిగింది. నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాసభ. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ నుంచి వచ్చి అధ్యక్షత వహించాడు. మనవాళ్ళు గుళ్ళోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. సభలో కూర్చున్నవాళ్ళు మాకు గుడి తెరవండి అని బతిమాలలేదు. ముందు పేరు తేల్చారు. మేము పంచములం కాదు, ఐదో వాళ్ళం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అన్నారు. సత్రంలో దొంగపేరు, సభలో సొంత పేరు. ఒకే ఏడాది.

ఇంతవరకూ చదివి లైక్ కొట్టి పోదామనుకుంటున్న మనవాళ్ళకి ఒక మాట. మీతో కూడా పేచీ ఉంది నాకు.

ఇదంతా వ్యవస్థ తప్పు అని తేల్చేశాం. నిజమే. కానీ ఆ పిల్ల గురువారం లోపు ఫారం నింపాలి. గురువారానికి వ్యవస్థ మారదు. మనం మీటింగుల్లో చెప్పేది విని చప్పట్లు కొట్టిన పిల్లలే రాత్రి పదకొండున్నరకి ఒంటరిగా మెయిల్ టైపు చేస్తున్నారు. వాళ్ళకి మనం ఏం ఇచ్చాం? రోహిత్ పోయిన తర్వాత ప్రతి జనవరి 17న పోస్టు పెడతాం. ఫిబ్రవరిలో ఏ పిల్లకి ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతున్నాం?

గురుకులాల్లో పిల్లల చేత రోజూ అనిపించారు, నేను ఎవరికంటే తక్కువ కాదు అని. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కాలంలో స్వేరోల పది సూత్రాల్లో మొదటిది అదే. దాన్ని ఎగతాళి చేసినవాళ్ళని నేనెరుగుదును. 2014 మే 25న గురుకులం పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కాక వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఆ పిల్లలకి నినాదం ఒక్కటే ఇవ్వలేదు, భువనగిరి కోట రాతి మీద ఎక్కటం నేర్పారు. మనం ఆ రెండోది మర్చిపోతాం. పన్నెండేళ్ళప్పుడు నినాదం సరిపోతుంది. ఇరవై తొమ్మిదేళ్ళకి, ఏసీ గదిలో, ఒక్కతే దళిత పిల్ల అయినప్పుడు నినాదం గొంతు దాటదు. అప్పుడు లెక్క కావాలి.

లెక్క అంటే మా అమ్మ గుర్తొస్తుంది.

మా అమ్మ మిరప కోతలకి, పత్తి తీతకి వెళ్ళేది. చదువు లేదు. ముఠా మేస్త్రి పుస్తకంలో హాజరు రాసేవాడు, వారానికో పదిహేను రోజులకో కూలి లెక్క. అమ్మ ఆ పుస్తకాన్ని నమ్మేది కాదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే పొయ్యిలో బొగ్గు తీసి వంటింటి గోడ మీద ఒక గీత గీసేది. ఒంటిపూట పనికి సగం గీత. చీకటి పడేదాకా ఉంచేస్తే గీతకి పైన చిన్న కొక్కెం. ఆదివారం చర్చికెళ్తే ఖాళీ. సున్నం కొట్టేటప్పుడు ఆ గోడ వదిలేసేవాళ్ళం.

ఒకసారి మేస్త్రి పంతొమ్మిది రోజులన్నాడు. అమ్మ ఇరవై రెండున్నర అంది. నీకు లెక్కలొచ్చా అని నవ్వాడు. అమ్మ అక్కడ ఏమీ వాదించలేదు. తిరిగొచ్చి మా వరసలో ఇంకో ముగ్గురి ఇళ్ళకి వెళ్ళింది. ఒకావిడ తలుపు వెనకాల సుద్దతో గీసేది, ఒకావిడ తాడుకి ముళ్ళు వేసేది, ఇంకో ముసలావిడ చింతపిక్కలు డబ్బాలో వేసేది. నాలుగు లెక్కలూ కలిశాయి. నలుగురూ కలిసి కల్లం దగ్గరికి పోయి ఆసామి ముందే చెప్పారు. మేస్త్రి గొణుక్కుంటూ ఇచ్చాడు. ఆ సగం రోజు మాత్రం ఇవ్వలేదు. అమ్మ చచ్చిపోయేదాకా ఆ సగం రోజు సంగతి చెప్పేది.

ఇదే నేను ఆదివారం పొద్దున అక్క కూతురికి చెప్పా. ఆ వర్క్‌షాప్ మేడం కాగితం ఎందుకు ఖాళీగా ఉందో తెలుసా అమ్మా, ఆవిడ నిన్ను గుణాలు రాయమంది. లీడర్‌షిప్, కాన్ఫిడెన్స్, అవన్నీ వాళ్ళింట్లో చిన్నప్పటి నుంచి పిలుచుకున్న పేర్లు. మన ఇంట్లో ఆ పనులే చేశాం, ఆ పేర్లతో పిలవలేదు. అర్ధరాత్రి కల్లంలో వాన పడితే ఇరవై మందిని లేపి పట్టాలు కప్పించిన మీ అమ్మమ్మని ఎవరూ లీడర్ అనలేదు, నోరుగల మనిషి అన్నారు. నువ్వు గుణాలు రాయకు. గీతలు గియ్యి. ఏ రోజు ఏ పని చేశావో రాయి. ఆరేళ్ళలో.

(క్లాన్స్, ఐమ్స్ కూడా తమ దగ్గరికొచ్చినవాళ్ళని, మీ పనిని ఎవరు మెచ్చుకున్నా రాసి పెట్టుకోండి, దాన్ని మీరు ఎట్టా తోసేస్తున్నారో కూడా రాయండి అన్నారు. మా అమ్మకి ఫీజు కట్టక్కర్లేదు, అంతే తేడా.)

సాయంత్రానికి ఐదు గీతలు పంపింది. ఐదేనా అన్నా. "మిగతావి అందరూ కలిసి చేసినవి పిన్నీ, నావి అని ఎట్టా రాస్తా?" చూడండి, నిజాయితీ కూడా మన పిల్లలకే శిక్ష. అప్పుడు రెండో సంగతి చెప్పా. అమ్మమ్మ తన గోడ ఒక్కదాన్నే తీసుకెళ్ళలేదు, ఇంకో ముగ్గురి లెక్క అడిగింది. నీతో పనిచేసిన ముగ్గురికి మెసేజ్ పెట్టు. నేనేం చేశానో మీకు గుర్తున్నవి రాసివ్వండి అని. సిగ్గు అంది. సోమవారం దాకా సిగ్గుపడింది. మంగళవారం పెట్టింది.

బుధవారం రాత్రికి ఇరవై ఏడు గీతలయ్యాయి. అందులో పదకొండు ఆమెకే గుర్తు లేవు. ఒక ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే మందుకి రెండుసార్లు డబ్బు పడుతుంటే విడుదలకి ముందు రాత్రి పట్టుకుంది. కొత్తగా చేరిన ముగ్గురికి పని నేర్పింది. అందులో ఇద్దరు ఇప్పటికీ ఏ సందేహం వచ్చినా ఆమెకే ఫోన్ చేస్తారు, వాళ్ళ సొంత లీడ్‌కి కాదు. రెండేళ్ళ కిందట మానేద్దామనుకున్న ఒకమ్మాయి, ఈవిడ మాట వల్ల ఆగానని రాసింది. అది చదివి ఫోన్లో ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు. ఏడ్చి, "అమ్మమ్మ తాలుకాయలు ఏరినట్టు నేను తప్పులు ఏరతా పిన్నీ, అంతేగా" అని నవ్వింది. అంతేనమ్మా. ఒక్క తాలుకాయ మంచి టిక్కీలో కలిస్తే గుంటూరు యార్డులో ధర ఎంత కోస్తారో మీ అమ్మమ్మని అడిగి ఉండాల్సింది.

ఇదంతా చదివి, చూశారా మేము చెప్పిందే, బలాల మీద దృష్టి పెడితే సరిపోయింది అని ట్రైనింగ్ వాళ్ళు అనొచ్చు. సరిపోలేదు. ఆ గీతలు కంపెనీ పుస్తకంలో ఎందుకు లేవు? ఆరేళ్ళ అప్రైజల్స్‌లో "హార్డ్ వర్కింగ్" అని ఒక్క మాట రాసి ఊరుకున్నదెవరు? పక్కనోడిని "బ్రిలియంట్" అనీ మన పిల్లని "హార్డ్ వర్కింగ్" అనీ రాసే చెయ్యి ఎవరిది? నాలుగు గోడలు కలిస్తే తప్ప మేస్త్రి పుస్తకం దిద్దుకోదు. ఏ ఆఫీసులోనైనా నలుగురు మనవాళ్ళుంటే ఒకరి గీతలు ఒకరు గీసిపెట్టండి. అడిగేదాకా ఆగొద్దు.

గురువారం మధ్యాహ్నం ఫారం పంపింది. వద్దనే మెయిల్ ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉందంట, తీసెయ్యమ్మా అంటే "ఉండనీ పిన్నీ" అంది. ఇంటర్వ్యూ వచ్చే బుధవారం.

వచ్చే ఆదివారం: జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల్లో మన మగవాళ్ళ ఊపిరితిత్తుల గురించి.

జై భీమ్.